మిథున రాశివాళ్ళకి ఆస్పిరిన్ పనిచేయదా?

మా మావయ్యకి 72 ఏళ్ళు. కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. రోజూ రాత్రి భోజనమయ్యాక చిన్న ఆస్పిరిన్ బిళ్ళ ఒకటి వేసుకుంటాడు. ఏ డాక్టరూ రాసివ్వలేదు. పొద్దున్నే వాకింగుకి తోడొచ్చే స్నేహితుడికి గుండెపోటు వచ్చి స్టంటు వేశారు (ధమని మూసుకుపోకుండా లోపల పెట్టే చిన్న జాలీ గొట్టం స్టెంటు, మన ఊళ్ళలో ఎప్పుడో స్టంటైపోయింది). ఆయనకి రాసిన బిళ్ళ పేరు కనుక్కుని మావయ్య కూడా మొదలుపెట్టాడు. "రక్తం పల్చగా ఉంటే మంచిదేగా" అంటాడు. మొన్న సంక్రాంతికి వెళ్తే ఫోనులో రెండు వీడియోలు చూపించాడు. ఒకదాంట్లో డాక్టరు పెద్దవయసువాళ్ళు ఆస్పిరిన్ జోలికి పోవద్దంటున్నాడు. రెండోదాంట్లో ఇంకో డాక్టరు ఈ బిళ్ళ మానితే ప్రాణం మీదికొస్తుందంటున్నాడు. "చదువుకున్నవాళ్ళే తేల్చుకోలేకపోతే మనమేం చేస్తాంరా?" అని నవ్వాడు.

ఆ ఇద్దరు డాక్టర్లూ చెప్పింది నిజమే. మొదటాయన గుండెపోటు ఎన్నడూ రానివాళ్ళ గురించి మాట్లాడాడు, రెండో ఆయన వచ్చినవాళ్ళ గురించి. ఎవరి గురించి అన్న ముక్క వీడియో కత్తిరింపులో పోయింది. గుండె, రక్తనాళాల జబ్బుల మీద మనకి చేరే సలహాల్లో చాలా గందరగోళం ఇలాగే పుడుతుంది. పరిశోధన ఫలానా రకం మనుషుల మీద జరుగుతుంది. దాని ఫలితం మాత్రం ఆ మనుషుల ఊరూపేరూ పోగొట్టుకుని మన వంటింటికి వస్తుంది.

ఆస్పిరిన్ కథే చూద్దాం. 1988లో ఐసిస్-2 అనే పరిశోధన ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. 16 దేశాలు, 417 ఆస్పత్రులు, గుండెపోటు లక్షణాలు మొదలైన 24 గంటల్లోపు చేరిన 17,187 మంది రోగులు. ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్తుత్తి బిళ్ళ అన్నది చీటీలు తీసినట్టు నిర్ణయించారు. ఏది ఎవరికి వెళ్ళిందో డాక్టరుకీ తెలీదు, రోగికీ తెలీదు. అయిదు వారాల తరవాత చూస్తే, ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్న ప్రతి వందమందిలో దాదాపు 12 మంది గుండె, రక్తనాళాల కారణంగా చనిపోయారు. ఆస్పిరిన్ వేసుకున్న వందమందిలో 9 మందికి కాస్త పైన. అంత చవక బిళ్ళ ఒక నెల వాడితే వందకి రెండు మూడు ప్రాణాలు నిలబడ్డాయి. గడ్డని కరిగించే స్ట్రెప్టోకైనేజ్ ఇంజక్షన్ కూడా కలిపి ఇచ్చినవాళ్ళకి ఇంకా మేలు జరిగింది.

ఇక్కడో తమాషా ఉంది. అంత పెద్ద లెక్క చేతిలో ఉంటే ఎవరికైనా ఆశ పుడుతుంది: ఏ వయసువాళ్ళకి బాగా పనిచేసింది, ఎవరికి పనిచేయలేదు అని విడదీసి చూద్దామని. అలా విడదీస్తే ఏమవుతుందో చూపించడానికే పరిశోధకులు కావాలని రోగుల్ని పుట్టినతేదీని బట్టి పన్నెండు రాశులుగా పంచారు. మిథున, తులా రాశులవాళ్ళకి ఆస్పిరిన్ మేలు చేయకపోగా కాస్త కీడు చేసినట్టు తేలింది! మిగతావాళ్ళకి బ్రహ్మాండంగా పనిచేసింది. (మన పంచాంగంలో తులా రాశి అయినవాళ్ళు కంగారుపడక్కర్లేదు, అవి పాశ్చాత్యుల రాశులు. ఆ లెక్కన తుల అయినవాళ్ళూ పడక్కర్లేదు.) 17 వేలమందిని ముక్కలు చేసుకుంటూ పోతే ఏదో ఒక ముక్కలో అంకెలు అడ్డం తిరుగుతాయి. రాత్రంతా రమ్మీ ఆడితే ఎవరో ఒకరికి మూడు జోకర్లు ఒకేసారి పడ్డట్టే, అందులో అర్థం వెతకడానికేం లేదు. ఫలానా రకంవాళ్ళకి మాత్రమే ఈ ఆహారం మంచిది అనే వార్త చూసినప్పుడల్లా నాకు మిథున రాశి గుర్తొస్తుంది.

మరి మావయ్యలాంటివాళ్ళ సంగతి? వాళ్ళ మీదా పరిశోధన జరిగింది. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది మీద చేసిన ఆస్ప్రీ ఫలితాలు 2018లో వచ్చాయి. అందరూ గుండె జబ్బు లేనివాళ్ళే, ఎక్కువమంది డెబ్బై దాటినవాళ్ళు. రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ దాదాపు అయిదేళ్ళు వాడారు. గుండెపోటు, పక్షవాతం వంటివి చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ప్రమాదకరమైన రక్తస్రావం మాత్రం ఉత్తుత్తి బిళ్ళవాళ్ళలో వెయ్యికి 28 మందికి వస్తే, ఆస్పిరిన్‌వాళ్ళలో 38 మందికి వచ్చింది. బిళ్ళ మారలేదు, మనుషులు మారారు. ఆస్పిరిన్ నిజానికి రక్తాన్ని పల్చన చేయదు. ప్లేట్‌లెట్లు (డెంగ్యూ పుణ్యమా అని ఈ మాట ఇంటింటికీ తెలుసు) ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది. గుండెలో గడ్డ కట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాడికి ఆ పని వరం. ఆ ప్రమాదం తక్కువగా ఉన్నవాడికి, కడుపులో పుండు ఉంటే అక్కడ రక్తం ఆగకపోవడమే మిగులుతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. గుండెపోటు వచ్చినవాళ్ళు, స్టెంటు వేయించుకున్నవాళ్ళు, పక్షవాతం వచ్చి డాక్టరు రాసినందుకు వాడుతున్నవాళ్ళు ఇది చదివి ఆస్పిరిన్ మానకూడదు. కొత్తగా స్టెంటు వేయించుకున్నవాళ్ళు ఉన్నట్టుండి ఆపితే స్టెంటులోనే గడ్డ కట్టవచ్చు.

గడ్డ అన్నాం కాబట్టి అది ఎలా కడుతుందో చూడాలి. గుండె జబ్బు అనగానే అందరూ చెప్పే పోలిక నీళ్ళ పైపు. పైపులో తుప్పు పేరుకుంటుంది, దారి సన్నబడుతుంది, ఒకరోజు మూసుకుపోతుంది. వినడానికి బాగుంటుంది కానీ చాలా విషయాల్లో దారి తప్పిస్తుంది. కొలెస్ట్రాల్ పేరుకునేది పైపు లోపలి ఖాళీలో కాదు, గోడ పొరల్లో. గోడ అక్కడ వాచి, మొదట్లో బయటివైపుకే ఉబ్బుతుంది. అందుకే రక్తం పారే దారి చాలాకాలం మామూలుగానే ఉంటుంది, యాంజియోగ్రాములో (రక్తనాళాల్లోకి రంగుమందు పంపి తీసే ఎక్స్‌రేలో) కూడా ఏమీ కనిపించకపోవచ్చు. ఈ పూడిక ముసలితనంలో మొదలయ్యేదీ కాదు. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెల్ని కోసి చూసిన డాక్టర్లు 1953లో ఒక నివేదిక ఇచ్చారు. సగటు వయసు 22 ఏళ్ళు. నలుగురిలో ముగ్గురికి గుండె ధమనుల్లో ఎంతో కొంత పూడిక కనిపించింది.

గుండెపోటు వచ్చేది ఆ పూడిక పైపొర చిట్లినప్పుడు. చర్మం చెక్కుకుపోతే రక్తం గడ్డకట్టి దెబ్బని మూస్తుంది చూడండి, లోపల కూడా శరీరం అదే పని చేయబోతుంది. దెబ్బ మూసే గడ్డ దారి మొత్తం మూసేస్తుంది. ఈ గడ్డ గుండెపోటుకి కారణమా, గుండెపోటు తరవాత కట్టిందా అని డాక్టర్లు చాలా ఏళ్ళు వాదులాడుకున్నారు. 1980లో అమెరికాలోని స్పోకేన్ డాక్టర్లు, నొప్పి మొదలైన నాలుగు గంటల్లోపు వచ్చినవాళ్ళకి యాంజియోగ్రాము చేసి చూస్తే వందలో 87 మందికి ఆ ధమని పూర్తిగా మూసుకుపోయి ఉంది. వాదన దాదాపు అక్కడితో తీరిపోయింది. చిట్లేది పెద్ద బ్లాకే అవ్వాలనీ లేదు. దారిని సగం కూడా మూయని మెత్తటి పూడిక చిట్లి ప్రాణం తీసిన సందర్భాలు బోలెడు.

ఇది అర్థమైతే స్టెంటు లెక్క కూడా అర్థమవుతుంది. గుండెపోటు జరుగుతున్నప్పుడు మూసుకున్న ధమనిని బెలూనుతో తెరిచి స్టెంటు వేయడం ప్రాణదానం, అందులో అనుమానమే లేదు. నడిస్తే ఆయాసం, మెట్లెక్కితే ఛాతీ పట్టేయడం, కూర్చుంటే తగ్గడం, ఇలా నెలల తరబడి ఒకేలా ఉన్నవాళ్ళ సంగతి వేరు. 2019లో ప్రకటించిన ఇస్కీమియా పరిశోధనలో ఇలాంటి 5,179 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మందులతోపాటు మొదట్లోనే యాంజియో చేసి, అవసరమైనచోట స్టెంటో బైపాసో చేశారు. రెండో గుంపుకి ముందు మందులే, అవి చాలకపోతేనే మిగతావి. మూడేళ్ళకి పైగా చూస్తే చావుల్లో గానీ మొత్తంమీద గుండెపోట్లలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఛాతీనొప్పి ఎక్కువగా ఉన్నవాళ్ళకి మాత్రం స్టెంటు, బైపాసులతో ఉపశమనం బాగా దొరికింది. ఎడమ ప్రధాన ధమనిలో బ్లాకు ఉన్నవాళ్ళని, గుండె బాగా బలహీనపడినవాళ్ళని ఈ పరిశోధనలో చేర్చలేదు, వాళ్ళకి ఈ లెక్క వర్తించదు.

మన దగ్గర ఏం జరుగుతుంది? యాంజియో బల్ల మీద మనిషి ఉంటాడు. బయటికొచ్చి "తొంభై శాతం బ్లాకు" అంటారు. కొడుకు చేతిలో సంతకం పెట్టాల్సిన కాగితం ఉంటుంది. తొంభై అంటే ఇక పదే మిగిలింది అని గుండె జారిపోతుంది. ఆ క్షణంలో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది ఇప్పుడు జరుగుతున్న గుండెపోటా, ఎప్పట్నించో ఉన్న బ్లాకా? మొదటిదైతే సంతకం పెట్టడమే, ఒక్క నిమిషం కూడా ఆలోచించొద్దు. రెండోదైతే సాధారణంగా ఇంటికెళ్ళి ఇంకో డాక్టరుకి చూపించుకునే వ్యవధి ఉంటుంది. అడిగితే చాలామంది డాక్టర్లు ఓపిగ్గానే చెప్తారు. అడగడానికే మనకి మొహమాటం.

బుద్ధికి సబబుగా తోచిన ప్రతిదీ పనిచేయదని డాక్టర్లు కూడా దెబ్బతినే నేర్చుకున్నారు. గుండెపోటు తరవాత గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్ళు ఎక్కువగా చనిపోతున్నారు కాబట్టి, ఆ లయని సరిచేసే మందులిస్తే బతుకుతారనుకున్నారు. వాదన నున్నగా ఉంది, ఈసీజీలో లయ కూడా సర్దుకుంది. 1980ల చివర్లో కాస్ట్ అనే పరిశోధనలో చీటీలు తీసి పరీక్షిస్తే, ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ వేసుకున్న రోగులు ఉత్తుత్తి బిళ్ళవాళ్ళకి రెట్టింపు పైనే చనిపోతున్నారని తేలి 1989లో మధ్యలో ఆపేశారు. రిపోర్టు బాగుపడటం, మనిషి బాగుపడటం రెండూ ఒకటి కానక్కర్లేదు.

అయితే అన్నిటికీ చీటీలు తీయలేం. ఇరవై ఏళ్ళపాటు సగంమందిని కదలకుండా కూర్చోబెట్టి ఏమవుతుందో చూస్తామంటే ఎవరొప్పుకుంటారు? అక్కడ జనాన్ని గమనించడమే దారి, ఆ దారిలో గోతులున్నాయి. 1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు లండన్ రెండంతస్తుల బస్సుల మీద లెక్క వేశాడు. రోజంతా మెట్లెక్కి దిగి టికెట్లు కొట్టే కండక్టర్ల కంటే, కూర్చుని నడిపే డ్రైవర్లకి గుండె జబ్బులు ఎక్కువ. అంటే వ్యాయామం గుండెకి మంచిది. మూడేళ్ళ తరవాత ఆయనే యూనిఫాం కొలతల పుస్తకాలు తిరగేసి ఇంకో వ్యాసం రాశాడు. డ్రైవర్ల ప్యాంట్ల నడుం కొలత ఉద్యోగంలో చిన్నవయసులో ఉన్నప్పటినించే ఎక్కువట! మరి డ్రైవరు సీటు వాళ్ళని లావు చేసిందా, లావుగా ఉన్నవాళ్ళే డ్రైవరు సీటు ఎంచుకున్నారా? తన వాదనలో లోపాన్ని తనే వెతికి అచ్చేయించిన ఆ పెద్దమనిషంటే నాకు గౌరవం. తరవాత వేరే ఉద్యోగాల్లో, వేరే దేశాల్లో, వేరే పద్ధతుల్లో చేసిన పరిశోధనలు కూడా ఒకేవైపు చూపించాయి కాబట్టే నడక మంచిదని ఇవాళ నమ్మకంగా చెప్పగలుగుతున్నాం. మోరిస్ మాత్రం 99 ఏళ్ళు బతికాడు. దాన్ని రుజువు కింద తీసుకుంటే మళ్ళీ మిథున రాశి దగ్గరికే వస్తాం.

కోడిగుడ్డు మంచిదా చెడ్డదా, ఏ నూనె వాడాలి అనే వార్తలు ఏడాదికోసారి పల్టీకొట్టేది కూడా ఇందుకే. చాలావరకు అవి గమనించి రాసిన లెక్కలు. గుడ్డు తినేవాడు దానితోపాటు ఇంకేం తింటాడో, చుట్ట కాలుస్తాడో లేదో అన్నీ ఆ లెక్కలో కలిసిపోతాయి. నేనైతే వాటి మీద టెన్షన్ పడటం మానేశాను.

బీపీ విషయం అలా కాదు. ఇక్కడ గమనించిన లెక్కలూ, చీటీలు తీసిన పరిశోధనలూ దశాబ్దాలుగా ఒకే మాట చెప్తున్నాయి. అంతకుముందు పెద్ద డాక్టర్లు కూడా వయసుతోపాటు బీపీ పెరగడం సహజం, అవసరం కూడా అనుకునేవాళ్ళు. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ బీపీ ఏళ్ళ తరబడి పెరుగుతూ పోయింది. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావంతో చనిపోయిన రోజు ఆయన బీపీ 300/190. మూడేళ్ళకి మసాచుసెట్స్‌లోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో 5,209 మందిని ఎంచుకుని, జబ్బు రాకముందు నించే గమనించడం మొదలుపెట్టారు. వాళ్ళ పిల్లల్ని, మనవల్ని కూడా తరవాత చేర్చారు. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్, షుగర్ గుండెకి ముప్పు అని ఇవాళ మనం అలవోకగా అనేమాట చాలావరకు ఆ ఊరి చలవే.

ఇది పట్నాల జబ్బు, డబ్బున్నవాళ్ళ జబ్బు అనే భ్రమ మనకింకా పోలేదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఇంటింటికీ వెళ్ళి, చనిపోయినవాళ్ళు ఎలా చనిపోయారో అడిగి రాసుకున్నారు. మొత్తం చావుల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవల్లే. అంటువ్యాధులది 12 శాతం.

ఆ చావులు ఎవరి ఇళ్ళలోంచి వస్తాయి? బాగా ఎక్కువ బీపీ ఉన్నవాళ్ళ ఇళ్ళలోంచే అనుకుంటాం. జెఫ్రీ రోజ్ అనే బ్రిటిష్ డాక్టరు 1980ల్లో దీన్ని తిరగేసి చూపించాడు. ఊరికే లెక్క కోసం అనుకుందాం: ఒక ఊళ్ళో బీపీ బాగా ఎక్కువున్నవాళ్ళు 100 మంది, వాళ్ళలో పదిమందికి గుండెపోటు వస్తుంది. కాస్తో కూస్తో ఎక్కువున్నవాళ్ళు 900 మంది, వాళ్ళలో వందకి ముగ్గురికే వస్తుంది. ముప్పు తక్కువే, కానీ 27 మంది ఇక్కడివాళ్ళే! మందులు పదిమందిని కాపాడగలవు. మిగతా 27 మంది కోసం ఊరు మొత్తం తినే ఉప్పు తగ్గాలి. చిక్కేమిటంటే అలా ఉప్పు తగ్గించుకున్న ఏ ఒక్కరికీ, తను తప్పించుకున్నాడని ఎప్పటికీ తెలీదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల ఉప్పు దాటొద్దంటుంది, అంటే ఒక టీస్పూను. మన దేశంలో సగటు 8 గ్రాముల దగ్గరుంది. పాశ్చాత్య దేశాల్లో ఉప్పు ఎక్కువగా ప్యాకెట్ తిండిలోంచి వస్తే, మనకి సొంత వంటింట్లోంచే వస్తుంది. ఆవకాయ, పప్పులోకి వడియాలు, చారన్నంలోకి అప్పడం, పెరుగన్నంలోకి ఊరమిరపకాయ. ఆవకాయ మానమని నేను చెప్పను, చెప్పినా మా ఇంట్లోనే ఎవరూ వినరు. కానీ నాలుగూ ఒకే పూట కంచంలో ఉండాలా? చైనాలో 600 గ్రామాల్లో పక్షవాతం వచ్చినవాళ్ళకి, బీపీ ఉన్న పెద్దవయసువాళ్ళకి సోడియం కొంత తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు అయిదేళ్ళు ఇచ్చి చూశారు. 2021లో వచ్చిన ఫలితాల్లో పక్షవాతం 14 శాతం తగ్గింది. పత్రికలు ఈ 14నే రాస్తాయి. విడమరిచి చెప్తే ఏడాదికి వెయ్యిమందిలో 34 మందికి రావాల్సింది 29 మందికి వచ్చింది. ఉప్పు డబ్బా మార్చినందుకు అయిదుగురు తక్కువంటే చిన్న లాభమేం కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్ళు మాత్రం డాక్టరుని అడక్కుండా ఆ ఉప్పు వాడకూడదు. పొటాషియం పెరిగిపోతే గుండె ఆగే ప్రమాదముంది.

ఇంకో ముచ్చట చెప్పకుండా ఉండలేను. 1987 నించి 1990 దాకా హైదరాబాదు దగ్గర కొన్ని పల్లెల్లో గర్భిణులకి, చిన్నపిల్లలకి మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. పక్క పల్లెల్లో అప్పటికింకా ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్ళవాళ్ళయ్యాక జాతీయ పోషకాహార సంస్థ, లండన్ పరిశోధకులు కలిసి వాళ్ళని వెతికి పరీక్షించారు. ఉప్మా తిన్న పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. వాళ్ళ రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి, ఇన్సులిన్ కూడా బాగా పనిచేస్తోంది. ఇది చీటీలు తీసి చేసిన పరీక్ష కాదు కాబట్టి కొంచెం జాగ్రత్తగానే నమ్మాలి. అయినా నలభయ్యో ఏట వచ్చే గుండెపోటుకి అమ్మ కడుపులో ఉన్నప్పటి తిండితో లంకె ఉండొచ్చన్న ఊహకి మన పల్లెల్లోంచే ఒక ఆధారం దొరికింది.

చివరికి అన్నిటికంటే మనవాళ్ళని ఎక్కువ ముంచేది గ్యాసు. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమచెయ్యో దవడో లాగడం మొదలవగానే "గ్యాసు పట్టేసింది" అని సోడా తాగి, వాము నమిలి, తెల్లారేదాకా చూస్తారు. ఆడవాళ్ళకి, షుగరున్నవాళ్ళకి నొప్పి పెద్దగా లేకుండా ఆయాసం, నీరసం, వాంతితోనే రావచ్చు. ధమని మూసుకున్నాక గంటలు గడిచేకొద్దీ గుండె కండ చచ్చిపోతూ ఉంటుంది, అది మళ్ళీ పుట్టదు. బండి నడుపుకుంటూ వెళ్ళొద్దు. 2005లో హైదరాబాదులో మొదలైన 108 ఇందుకే ఉంది. మొదటి ఈసీజీ బాగుంటే ఇంటికి పరిగెత్తొద్దు. కాసేపాగి మళ్ళీ తీయాలి, గుండె కండ దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ కూడా పెరగడానికి టైం పడుతుంది. నిజంగా గ్యాసే అని తేలితే తిరిగొచ్చి నవ్వుకోవచ్చు.

మావయ్యని కిందటి నెల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. వాడుతున్న మందులన్నీ బల్లమీద పెట్టమన్నాడాయన. ఆస్పిరిన్ అట్ట పక్కకి తోసేసి బీపీ చూశాడు. 168/96. అయిదు నిమిషాలు కుర్చీలో ఊరికే కూర్చోబెట్టి మళ్ళీ చూస్తే 164. "ఇంతకుముందు బీపీ మందేమైనా వాడారా?" అని అడిగాడు. "వాడానండి. రెండేళ్ళ కింద చూపిస్తే నార్మల్ వచ్చింది. ఇంకెందుకని నేనే ఆపేశాను" అన్నాడు మావయ్య.